లోపల తాత, బయట తాళం

మా తాత బొజ్జయ్యకు చంద్రుడి గురించి తెలిసినంత సూర్యుడి గురించి తెలియదు. గుర్రం గురించి గంటసేపు మాట్లాడేవాడు. ఏనుగు సంగతి అడిగితే మాత్రం, "ఆ పుస్తకం మనకు రాలే బిడ్డా" అని చేతులెత్తేసేవాడు. మా బడికి వచ్చిన విజ్ఞాన సర్వస్వం నాలుగు భాగాలట. మాకు చేరింది ఒక్కటే. అందులో 'క' నుంచి 'న' దాకా ఉంది. గుర్రం, చంద్రుడు, జపాను, తాబేలు, నత్త అందులో ఉన్నాయి. ఏనుగు, సముద్రం, సూర్యుడు మిగతా మూడింటిలో ఎక్కడో, మరే బడిలోనో ఉండిపోయాయి.

మా ఊరు చింతలబోరు. ఇల్లందు నుంచి అడవిలోకి పోయే దారిలో, రోజుకు రెండుసార్లు బస్సు వచ్చే ఊరు. ఊరి చివర బాలికల ఆశ్రమ పాఠశాల, దాని వెనక ముళ్లకంచె, కంచె వెనక అడవి. ఆ బడికి మా తాత వాచ్‌మన్. పదహారేళ్లుగా వాచ్‌మనే, కానీ కాగితం మీద కాదు. హాజరు పుస్తకంలో సార్ల పేర్లు, టీచర్ల పేర్లు, వంటామె ద్వాలి పేరు కూడా నీలం సిరాతో ఉండేవి. అందరి కింద మా తాత పేరు పెన్సిల్‌తో ఉండేది. దినసరి మనిషి కదా, ఎప్పుడు రబ్బరు పెట్టి చెరపవలసి వస్తుందో అని. నెల నెలా ఆ పేరు మళ్లీ పెన్సిల్‌తోనే రాసేవాళ్లు. తాత ఆ పుస్తకం సార్ బల్ల మీద పెట్టేటప్పుడు ఆ చివరి వరుస వైపు ఒకసారి చూసేవాడు. నేను అదే బడిలో చదివేదాన్ని కనుక ఈ సంగతి నాకు తెలుసు. చదివేదాన్ని అంటే బడిలో ఉండేదాన్ని అని అర్థం చేసుకోండి.

పెన్సిల్ పేరును సిరా పేరు చేసుకోవడానికి తాతకు ఒక అవకాశం వచ్చింది, రెండు వేల ఒకటిలో. ఉద్యోగం పర్మనెంట్ చేసే ఇంటర్వ్యూకు భద్రాచలం రమ్మన్నారు. బల్ల వెనక ముగ్గురు ఆఫీసర్లు కూర్చున్నారు. నీ పేరేమిటి అని అడిగారు. తాత "అయ్యా" అన్నాడు. ఏ ఊరు? "అయ్యా." ఎన్నేళ్ల నుంచి చేస్తున్నావు? "అయ్యా." వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని పొమ్మన్నారు. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చాడు. ఇంట్లో మేం మాట్లాడేది కోయ. మీకోసం తెలుగులో రాస్తున్నాను. మా అవ్వ నాగక్క సంగతంతా విని, చాట కింద పెట్టి అడిగింది:

"మూడు ప్రశ్నలకు ఒక్కటే జవాబు చెప్పి వచ్చినవా?"

"అవ్."

"ఆ ఒక్కటన్న నీ పేరు చెప్పకపోతివి."

తాత చేతకానివాడేం కాదు. ఎలుగుబంటి ఎదురైతే అరిచి తరిమినవాడు. ఊళ్లో పంచాయితీ జరిగితే ఆయన మాటే ఆఖరు. కానీ బల్ల, బల్ల వెనక ప్యాంటు చొక్కా కనబడితే ఆయన చేతులు కట్టుకుని నిలబడిపోయేవాడు. ఫారెస్టు బీట్ ఆఫీసర్ వచ్చినా అంతే, ఎరువుల దుకాణంవాడు గట్టిగా అడిగినా అంతే. అందరికన్నా ఎక్కువగా మా హెడ్మాస్టర్ రామ్‌చందర్ సార్ ముందు. ఆయన మా బడికి వచ్చినప్పటి నుంచి ఆయనతో మా తాత మాట్లాడినవి రెండే మాటలు. "అయ్యా" ఒకటి, "అట్లనే అయ్యా" ఒకటి.

మూడేళ్లకు ఇంకొకసారి పిలుస్తామని ఆఫీసులో చెప్పారట. అదే చివరిసారి. ఆ తరువాత వయసు దాటిపోతుంది.

తాత వారం రోజులు ఆలోచించి ఒక సంగతి కనిపెట్టాడు. గేటు దగ్గర నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"చదువుకున్నోళ్లకు మాటలు కడుపుల నిల్వ ఉంటయి రుక్మీ. అడగంగనే తీసి ఇస్తరు. నా తాన నిల్వ లేదు. స్టోర్‌ల బియ్యం లేకుంటే ద్వాలి వచ్చి అడిగినా ఏమిస్త?"

"అయితే ఏం జేస్తవ్?"

"నింపుత."

ఆయన చిన్నప్పుడు మూడో తరగతి దాకా చదివాడు. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం పట్టుకుంటూ పోతే వాక్యం చివరికి చేరేవాడు. కానీ నింపుకోవడానికి పుస్తకాలేవి? మా ఊళ్లో అచ్చు ఉన్నవి రెండే రకాలు, ఎరువుల సంచులు, ఓట్ల కాగితాలు. ఉన్న పుస్తకాలన్నీ బడి స్టోర్‌రూములో, ఒక ఇనుప పెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టె పిల్లలకోసమే వచ్చింది, కానీ ఒక్క పిల్లా దాన్ని చూడలేదు. పుస్తకాలు స్టాకు రిజిస్టరులో ఎక్కి ఉన్నాయి. పిల్లలకు ఇస్తే చిరుగుతాయి, చిరిగితే ఆడిటులో ఎవరు జవాబు చెప్పాలి? రామ్‌చందర్ సార్ చెడ్డవాడని కాదు. ఆయన ఇదివరకు పనిచేసిన బడిలో చెదలు పన్నెండు పుస్తకాలు తినేస్తే అది ఆయన మెడకు చుట్టుకుందట. అప్పటి నుంచి ఆయనకు పుస్తకం అంటే ఒక వస్తువు, మూత తీయకూడనిది. అంచేత ఆయన నియమం ఒకటి: బియ్యం తీసే వేళ తప్ప స్టోర్ తలుపుకు తాళం కనబడుతూ ఉండాలి. ఆయన కుర్చీ వరండాలో సరిగ్గా ఆ తాళానికి ఎదురుగా వేసి ఉండేది. తాళంచెవి తాత మొలతాడుకు ఉండేది. "అది నీ మొల నుంచి దిగొద్దు" అని సార్ ఆజ్ఞ.

ఇప్పుడు మీరే చెప్పండి. లోపల కూర్చుని చదవాలి, బయట తాళం కనబడాలి, చెవి మొలకే ఉండాలి. ఎలా?

ఎలాగో నేను చూపించాను. అప్పుడు నాకు పదేళ్లు. మధ్యాహ్నం సార్ భోజనానికి క్వార్టర్‌కు పోయే వేళ తాత లోపలికి దూరేవాడు. నేను తలుపు లాగి తాళం నొక్కేదాన్ని. చెవి లేకుండానే పడే తాళం అది. నాలుగింటికి సార్ టీ తాగి తరగతుల చుట్టూ తిరిగేటప్పుడు వెళ్లి తలుపు మీద రెండు దెబ్బలు కొడితే, తాత తలుపు కింద సందులోంచి చెవి బయటికి తోసేవాడు. తాళం పాతది. చెవి తిప్పితే రాదు. తాళాన్ని కాస్త పైకెత్తి, కొక్కేన్ని బొటనవేలితో నొక్కి, అప్పుడు తిప్పాలి. ఆ కిటుకు తెలిసినవాళ్లం ఇద్దరమే, తాతా నేనూ. ఆ రెండు గంటలూ మా తాత పరిస్థితి ఏమిటో చూడండి. చెవి ఆయన మొలకే ఉంది. తాళం అవతల ఉంది.

ఊరికే చేస్తానా? ఒక తాళానికి ఒక కథ అని బేరం పెట్టాను. లోపల చదివింది సాయంత్రం నాకు చెప్పాలి. చెప్పకపోతే మర్నాడు తాళం తీయను. ఒకసారి నిజంగానే పది నిమిషాలు ఆలస్యంగా తీశాను. ఆ రోజు చెప్పినది పురుగుమందులు చల్లడం గురించి, బొత్తిగా రుచి లేనిది.

లోపల వెనక గోడకు ఒక చిన్న కిటికీ ఉంది, కడ్డీలతో. దాని వెలుగు బియ్యం బస్తాల మీద పడేది. తాత ఆ బస్తా మీద కాళ్లు మడిచి కూర్చుని, పెదవులు కదుపుతూ చదివేవాడు. ఉక్క, ఫినాయిలు వాసన, ఎలుకలు. దగ్గు వస్తే తువ్వాల నోట్లో కుక్కుకునేవాడు. వరండాలో సార్ కుర్చీ కిర్రుమంటే చదవడం ఆపేసేవాడు, అచ్చు అక్షరాల చప్పుడు బయటికి వినబడుతుందేమో అన్నట్టు. ఎక్కడ ఆపితే అక్కడ చీపురుపుల్ల పెట్టేవాడు. బియ్యం గింజ ఒక్కటి ముట్టలేదు. పల్లీపట్టీలు ఉండేవి లోపల, నాకోసం ఒకటి తెమ్మంటే, "అది స్టాకు" అనేవాడు, సార్ గొంతుతో.

ఆ పెట్టెలో ఏమున్నాయో అన్నీ చదివాడు. పశువుల జబ్బులు. ఉత్తరాలు రాసే పద్ధతి. ప్రథమ చికిత్స. నీతికథలు. గోబరు గ్యాసు. ఒక రేడియో మరమ్మతు పుస్తకం కూడా చదివాడు. మా ఇంట్లో రేడియో లేదు. పుస్తకాలు అయిపోతే పెట్టె మీద అంటించిన చీటీలు, సంచుల మీద రాతలు చదివేవాడు. చదవడం నెమ్మదే కాని వదలడం లేదు.

ఏడాది తిరిగేసరికి తాత నోరు మెల్లగా విచ్చుకుంది. మొదట అనుభవించినవాడు బస్సు కండక్టర్. ఇల్లందు సంతకు పోతున్నాం. బస్సు కిక్కిరిసి ఉంది.

"ఓ తాతా, జర జరుగు" అన్నాడు కండక్టర్.

"జరుగుత బిడ్డా. చంద్రుడు కూడ ఏటా ఇంత జరుగుతున్నడు, ఎరికేనా?" అని తాత వేలి మీద రెండు కణుపులు చూపించాడు.

"యాడికి?"

"మనకు దూరం."

కండక్టర్ టికెట్లు కొట్టడం ఆపాడు. "టికెట్ తీసుకున్నడా మరి?"

"ఆయన పాసు మీద పోతున్నడు" అన్నాడు తాత.

బస్సంతా నవ్వింది. నేను తాత మొహం చూశాను. కొత్త చొక్కా వేసుకున్న పిల్లాడిలా ఉన్నాడు. ఆ తరువాత నర్సమ్మతో మలేరియా గురించి మాట్లాడాడు. బీట్ ఆఫీసర్‌తో తాబేళ్ల గురించి మాట్లాడాడు. సంతలో మందులమ్మే మనిషిని, సీసా మీద రాసింది గట్టిగా చదివి వినిపించి, అక్కడినుంచి మూట సర్దుకుని పోయేలా చేశాడు. మా అవ్వ, "ముందటి మొగుడే నయం, గమ్మున తినేటోడు" అంటూ ఉండేది.

కానీ సార్ ముందు మాత్రం అవే రెండు మాటలు. సార్ చేతిలో ఉన్న హాజరు పుస్తకం, అందులో పెన్సిల్, పెన్సిల్ కొనన రబ్బరు. తాతకు అవే కనబడేవేమో.

నేను ఊరుకుంటానా? ఇంటర్వ్యూ దగ్గర పడుతుంటే ఆదివారాల్లో తాతకు తాలీము పెట్టాను. రోలు మీద నేను ఆఫీసర్‌ని, ఎదురుగా తాత. "నీ పేరేందయ్యా?" అంటే పేరు, ఊరు, తండ్రి పేరు, ఆపైన జపాను రాజధాని కూడా గడగడా చెప్పేవాడు. బాగా ఊపులో ఉన్నప్పుడు నేను రామ్‌చందర్ సార్‌లా దగ్గేదాన్ని. ఆయన దగ్గు రెండు ముక్కలు, మధ్యలో కొంచెం ఎడం. అంతే. తాత లేచి నిలబడేవాడు. చేతులు కట్టుకునేవి. మాట ఎక్కడిదక్కడ ఆగిపోయేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆయనా నవ్వేవాడు, కానీ కట్టుకున్న చేతులు విప్పడానికి ఆయనకు కొంచెం సేపు పట్టేది.

రెండు వేల నాలుగు, ఎండాకాలం ముందు. ఈసారి మిమ్మల్ని భద్రాచలం పిలవం, సోమవారం ఆఫీసర్ మేడమే మీ బడికి వస్తారు అని కబురు వచ్చింది. మేడం పేరు పుష్పలత. సోమవారం వస్తానన్న మేడం ముందు గురువారమే వచ్చింది, చెప్పకుండా.

ఆ రోజు బడిలో నీళ్ల మోటరు కాలిపోయింది. మధ్యాహ్నం నేను తాతను లోపల పెట్టి తాళం నొక్కి ఇటు తిరిగానో లేదో, టీచరమ్మ గంట కొట్టించి, అందరూ బట్టలు మూట కట్టుకోండి, వాగుకు పోదాం అంది. తప్పించుకోవాలని చూశాను. నా చెవి పట్టుకుని వరసలో నిలబెట్టింది. అలా మా తాతను లోపల పెట్టి నేను రెండు కిలోమీటర్ల అవతల వాగులో మునిగాను.

తరువాత జరిగింది నేను చూడలేదు. ద్వాలి కొంత చెప్పింది, తాత కొంత చెప్పాడు. ఇద్దరి మాటా కలిపి రాస్తున్నాను.

జీపు వచ్చి ఆగింది. మేడం, ఒక క్లర్కు దిగారు. మేడం ముందు స్టోర్ చూస్తానంది. సార్ వరండాలో నిలబడి, "బొజ్జయ్యా" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. లోపల బస్తా మీద తాత, ఒళ్లో పశువుల జబ్బులు.

"చూసిన్రా మేడం" అన్నాడు సార్, "తాళంచెవి మొలకు కట్టుకొని యాడికో పోయిండు. డ్యూటీ టైముల. సోమవారం మీ ముందటికి వచ్చేది ఈ మనిషే. గిసుంటోన్ని పర్మనెంట్ చేసుడంటే మీ ఇష్టం ఇగ."

మేడం క్లర్కును పెన్ను తీయమంది. గైరుహాజరు అని రాసుకోవడానికి.

ఉలకకుండా కూర్చుంటే తాత దొరకడు. కానీ పెన్సిల్ పేరు ఆ పూటతో చెరిగిపోతుంది. పలికితే బియ్యం స్టోర్‌లో దాక్కున్న దొంగ. తాత చెప్పేవాడు, ఆ క్షణాన కిటికీ కడ్డీలు కూడా లెక్కపెట్టాను, ఒకటి ఊడినా అడవిలోకి పోయేవాణ్ని అని. అవి ఊడేవి కావు. ఆయన లేచి, మొలతాడు నుంచి చెవి విప్పి, తలుపు కింది సందులోంచి బయటికి తోశాడు.

ఇనుము గచ్చు మీద గీసుకుంటూ వచ్చి మేడం చెప్పు దగ్గర ఆగింది.

"లోపల ఎవరు?" అంది మేడం.

"నేనే మేడం. బొజ్జయ్యను. వాచ్‌మన్‌ను."

మూడేళ్ల కింద చెప్పని పేరు అది.

"బయట తాళం ఉంది కదయ్యా. లోపలికి ఎట్లా పోయావు?"

"తాళం పడకముందే వచ్చిన."

"ఎవరు వేశారు?"

"అది చెప్ప మేడం. చిన్న పిల్ల. కొడ్తరు."

సార్ చెవి తీసుకుని తాళంలో పెట్టి తిప్పాడు. రాలేదు. క్లర్కు తిప్పాడు. రాలేదు. లోపలి నుంచి తాత, "అది నా మనుమరాలి చెయ్యికే వస్తది మేడం" అన్నాడు. అలా చెప్పనన్నవాడు అర నిమిషంలో నన్ను పట్టిచ్చాడు. నన్ను తీసుకురమ్మని ద్వాలిని వాగుకు పంపారు.

"దొంగతనానికే దూరిండు మేడం" అన్నాడు సార్.

"ఏం చేస్తున్నావు లోపల?" అంది మేడం.

"చదువుతున్న."

"ఏం చదువుతున్నావు?"

"పశువుల జబ్బులు. రెండోసారి చదువుడు. గాలికుంటు కాడ ఉన్న."

మేడం వాళ్ల ఊరు సత్తుపల్లి వైపు, ఇంటినిండా గేదెలట. ఆమె నమ్మక, "గాలికుంటు వస్తే ఏం చేయాలి?" అని అడిగింది.

"జబ్బుదాన్ని మంద నుంచి వేరే కట్టెయ్యాలె. నోరు, గిట్టలు పొటాషియం పర్మాంగనేటు నీళ్లతోటి కడగాలె. మెత్తటి గడ్డి పెట్టాలె." కాస్త ఆగి, "మా ఊళ్లె ఆ నీళ్లు దొరకవు మేడం. పటిక నీళ్లు వాడుతం. పుస్తకంల అది కూడ ఉంది" అన్నాడు.

మేడం కుర్చీ తెప్పించుకుని తలుపు ముందు కూర్చుంది. సోమవారం అడగవలసినవి ఇప్పుడే అడుగుతాను, రాసుకో అని క్లర్కుతో చెప్పింది. పిల్లకు ఫిట్సు వస్తే ఏం చేస్తావు? కొత్త మనిషి గేటు దగ్గరికి వస్తే? వంటింట్లో నిప్పు అంటుకుంటే? తలుపు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది.

"పాము కనబడితే?"

"పాము మన పుస్తకంల రాలేదు మేడం. 'న' కాడనే అయిపోయింది. గని పాములు మా బడికి శానా వచ్చినయి." అని ఏ పాముకు ఏ కర్ర, ఏ పామును ఊరికే పోనివ్వాలి, ఏది కరిస్తే బస్సు కోసం చూడకుండా ట్రాక్టర్ ఎక్కించాలి, అన్నీ చెప్పాడు.

ఇదంతా ఎలా కుదిరిందని తరువాత అడిగాను. "మొగాలు కనబడలే బిడ్డా" అన్నాడు. "చెక్క ఒక్కటే కనబడ్డది. చెక్కతోటి మాట్లాడొచ్చు."

మేడం సార్ వైపు తిరిగింది. "పుస్తకాలు పిల్లలకు ఎందుకు ఇవ్వడం లేదు?"

"రూల్స్ మేడం. చిరిగితే మా మీదికి వస్తది."

తలుపు అవతల చప్పుడైంది. ఇనుప పెట్టె మూత ఎత్తిన చప్పుడు. తరువాత తాత గొంతు, వేలు పెట్టి చదివే నెమ్మదితో వచ్చింది.

"మూత లోపటి దిక్కు కాయితం అంటించి ఉంది మేడం. చదువుత. ఈ పుస్తకములు... విద్యార్థులు చదువుకొనుటకు... ఇవ్వవలెను. వాడుకలో చిరిగిన వాటికి... ఎవరినీ... బాధ్యులను చేయరాదు. కింద సంతకం ఉంది. ముద్ర ఉంది."

ఆ పెట్టె మూత సార్ ఏనాడూ ఎత్తలేదు కదా. ఈ బడికి వచ్చిన తొమ్మిదేళ్లుగా ఆయన భయానికి జవాబు ఆ మూత లోపలే అంటించి ఉంది.

నేను వచ్చింది అప్పుడే. తల తడి, లంగా తడి, పరుగెత్తి వచ్చిన రొప్పు. చూస్తే మేడం కుర్చీ వేసుకుని తాళం వేసిన తలుపుతో మాట్లాడుతోంది, క్లర్కు తలుపు చెప్పింది రాసుకుంటున్నాడు. నవ్వొచ్చింది, సార్ మొహం చూశాక పోయింది. చెవి ఇచ్చారు. తాళం పైకెత్తి, కొక్కెం నొక్కి, తిప్పాను. వచ్చింది.

తలుపు తెరిచాను. తాత బస్తాల మధ్య నిలబడి ఉన్నాడు, పుస్తకం గుండెకు ఆనించుకుని. మేడాన్ని చూశాడు, బాగానే ఉన్నాడు. నవ్వబోయాడు కూడా. తరువాత చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి పోయింది.

"ఒకటే మిగిలింది బొజ్జయ్యా" అంది మేడం. "ఈ పోస్టు నీకెందుకు ఇవ్వాలి? ఇది నా ఎదురుగా చెప్పాలి, ఫారంలో అట్లా ఉంది."

తాత చేతులు కట్టుకున్నాయి.

"అయ్యా" అన్నాడు.

"చెప్పు, పర్లేదు."

"అయ్యా."

ఇప్పటిదాకా మాట్లాడిన మనిషి ఈయనేనా అన్నట్టు క్లర్కు కాగితం చూసుకున్నాడు. వెనక సార్ దగ్గాడు. రెండు ముక్కలు, మధ్యలో ఎడం. ఆదివారాల్లో నేను దగ్గి నవ్వుకున్న దగ్గు అది. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. మూడేళ్లు బస్తాల మీద ఉడికి సంపాదించినదంతా ఆ దగ్గుకు పోతోంది, నా కళ్ల ముందే.

ఏం తోచి చేశానో తెలియదు. మేడం మొహం మీదే తలుపు మూసేశాను.

"ఏయ్ పిల్లా" అని సార్ అరిచాడు. మేడం చెయ్యెత్తి ఆపింది.

"ఇప్పుడు చెప్పు తాతా" అన్నాను తలుపుకు నోరు పెట్టి.

తరువాత లోపలి నుంచి, "హాజరు బుక్కుల..." అని వినబడింది.

నేను తలుపు బెత్తెడు తెరిచాను.

"హాజరు బుక్కుల అందరి పేర్లు పెన్నుతోటి ఉంటయి. నాది పెన్సిల్‌తోటి రాస్తరు."

ఇంకో బెత్తెడు.

"రోజూ వస్తున్న. గని చెరిపితే పోయేటట్టు ఉన్న. పదహారేండ్లాయె."

మూడో బెత్తెడు తెరిచేసరికి మాట ఆగింది. సందులోంచి తాతకు ఎవరు కనబడ్డారో నేను తిరిగి చూడనక్కరలేదు. మేడం మాత్రం తిరిగి చూసింది. తలుపును చూసింది, నన్ను చూసింది, అప్పుడు అర్థం చేసుకుంది.

"హెచ్‌ఎం గారూ, స్టాకు రిజిస్టర్ ఆఫీసులో ఉంటుందా? మీరే తీసుకురండి."

"క్లర్కును పంపుత మేడం."

"మీరే."

సార్ చెప్పుల చప్పుడు వరండా చివరి దాకా పోయింది. నేను తలుపు పూర్తిగా తెరిచాను. తాత కట్టిన చేతులు విప్పలేదు, తల దించే ఉన్నాడు, కానీ మాట వచ్చింది.

"పెన్నుతోటి రాయించుకుందామని మేడం. గంతే."

"మీరు వెళ్లండి, బొజ్జయ్య గారూ" అంది మేడం. అంతవరకూ ఆమె 'నువ్వు' అంది.

ఆర్డరు జూన్‌లో వచ్చింది. జూలై హాజరు పుస్తకంలో తాత పేరు నీలం సిరాతో ఉంది. అవ్వకు చూపించడానికి పుస్తకం ఇంటికి తెస్తానన్నాడు. అది స్టాకు అని నేనే గుర్తు చేశాను. పుస్తకాల పెట్టె వరండాలోకి వచ్చింది, మూత తీసి. పిల్లలు మూడు నెలల్లో చంద్రుణ్ని, తాబేలును చింపి పెట్టారు. నేను మాత్రం ఒక్క పుస్తకమూ తీయలేదు. నాకు కథలన్నీ ముందే వచ్చు కదా. తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. ఆ సంగతి ఇక్కడ రాయను, తాత పరువు పోతుంది.

రామ్‌చందర్ సార్ కోప్పడలేదు. ఒక్క మాట అనలేదు. మేడం వచ్చిపోయిన మర్నాడే స్టోర్ తాళం మార్చి కొత్త చెవి తన జేబులో వేసుకున్నాడు. తాతను పూర్తిగా గేటు దగ్గర వేశాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గేటు పక్క రేకుల గది, దానికి చిన్న కిటికీ, కడ్డీలు. వరండాలో ఉన్న పెట్టె అక్కడికి కనబడుతుంది. లేచి వెళ్లి అందుకోవడానికి వీల్లేదు. పిల్లలు తెచ్చిస్తే చదివేవాడు. తెచ్చేది ఎప్పుడూ సగం చిరిగినదే. పర్మనెంట్ అయ్యాడు కనుక అక్కడి నుంచి ఎటూ పోయేది లేదు, రెండు వేల తొమ్మిదిలో రిటైరయ్యేదాకా. అయిదేళ్లూ అదే గేటు, అదే సార్.

కానీ ఆ కిటికీలోంచి తాత అందరితో మాట్లాడేవాడు. జీపు డ్రైవర్లు, నర్సమ్మ, తునికాకు కల్లం నుంచి వచ్చే ఆడవాళ్లు అక్కడ ఆగి నీళ్లు తాగి, మాట్లాడించి పోయేవాళ్లు. బడి మానేశాక నేనూ సద్ది పట్టుకుపోయి అక్కడే కూర్చునేదాన్ని. మాట మంచి జోరులో ఉన్నప్పుడు దూరంగా సార్ మోటారుసైకిల్ వినబడేది. తాత లేచి, గేటు తెరిచి, చేతులు కట్టుకునేవాడు.

"అయ్యా."

బండి లోపలికి పోయేది. తాత గేటు మూసి, గొళ్లెం పెట్టి, వచ్చి కూర్చునేవాడు. నేను కావాలని ఏమీ గుర్తు చేసేదాన్ని కాదు, చూద్దామని. ఒక్కసారి కూడా ఆయన మొదటికి పోలేదు. ఏ మాట దగ్గర ఆగాడో సరిగ్గా ఆ మాట దగ్గర్నుంచే అందుకునేవాడు, అక్కడ చీపురుపుల్ల పెట్టి వెళ్లినట్టు.